కొండవాళ్ళకి రాని జబ్బు

కొండవాళ్ళకి గుండెపోటు రాదు. రాయగడలో ఈ మాట కాదనేవాడు లేడు. చింతపండు కాటా వేసే గుమస్తాకీ తెలుసు, కిళ్ళీకొట్టు వాడికీ తెలుసు, కోరాపుట్ నుంచి రైల్లో దిగి బేరాలాడే దళారీకీ తెలుసు. కొండవాడి రక్తం పలచన, గుండె రాయి. జ్వరంతో పోతాడు, పాము కరిచి పోతాడు, జీలుగు కల్లు ఎక్కువై పోతాడు. గుండె పట్టుకుని మాత్రం పోడు. గుండె పట్టుకుని పోవడం షావుకార్ల నొసట రాసిన చావు.

ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా డాక్టర్ రమణమూర్తికి అరికాలి మంట నెత్తికెక్కేది. రిటైరయ్యేదాకా ప్రభుత్వ వైద్యుడిగా ఆయన ఈ కొండల్లో వినని అబద్ధం లేదు. దిష్టి, చేతబడి, కడుపులో పెరిగే జుట్టు, అన్నిటినీ చిరునవ్వుతో విని మందిచ్చి పంపేవాడు. దీన్ని అలా పంపలేకపోయాడు. ఇది పుట్టింది ఆయన నోటి వెంటే.

రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలో భాగంగా ఉన్న రోజుల మాట. తొంభై ఒకటిలో ఆయన కల్యాణసింగుపురం పైనున్న కొంధు తెగ ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి, పెద్దవాళ్ళందరి రక్తపోటూ చూశాడు. దిగివచ్చి, బజారులోని తెలుగు వర్తకుల కుటుంబాల్లోనూ చూశాడు. తేడా కళ్ళు తిరిగేటంత కనబడింది. వర్తకుల్లో వయసుతో పాటు రక్తపోటు మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. కొండమీద డెబ్బై ఏళ్ళ ముసలివాడికీ పాతికేళ్ళ పిల్లవాడికీ ఒకటే. వర్తక సంఘం వాళ్ళు సభ పెట్టి, శాలువా కప్పి, ఆ విశేషం చెప్పమన్నారు. ఆయన చెప్పాడు: "చోడి అంబలి, సామల అన్నం, అడవి దుంపలు తింటూ, ఉప్పు చిటికెడుకు మించక, రోజుకొక కొండ ఎక్కి దిగుతూ బతికినంత కాలం వీళ్ళకి రక్తపోటు రాదు, గుండెజబ్బూ రాదు." కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి పెట్టలేం. ఆ వాక్యంలో ముందు భాగమంతా సభలోనే రాలిపోయింది. తోక మాత్రం బజారెక్కింది.

ఆ తోకను అందరికన్నా గట్టిగా పట్టుకున్నవాడు ఆయన బావమరిది భీమారావే. రాయగడలో చింతపండు, పసుపు టోకు వ్యాపారం అతనిది. బొబ్బిలి దగ్గర్నించి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ ఇల్లు. రమణమూర్తి చెల్లెలు కామేశ్వరమ్మ ఆ ఇంటి కోడలు. భీమారావు తండ్రి, పెదనాన్న, అన్న ముగ్గురూ గుండెపోటుతోనే పోయారు. అన్నయితే గద్దె మీద కూర్చుని బేరమాడుతూ మాట మధ్యలో ఒరిగిపోయాడు. "మాది గుండె వంశం" అని భీమారావు కొత్త చుట్టాలతో చెప్పుకునేవాడు, గోత్రం చెప్పుకున్నట్టు. ఆ చెప్పడంలో భయం ఎంతో, డాబూ అంతే ఉండేది.

అన్న పోయాక ఆ ఇంట్లో అన్నీ మారాయి. ఉప్పు సగమైంది. అప్పడాలు, వడియాలు పండగలకి పరిమితమయ్యాయి. తెల్లవారగానే ఇంటిల్లిపాదీ బూట్లు తొడిగి నాగావళి ఒడ్డున నడక. గురువారం గురువారం రమణమూర్తి రక్తపోటు యంత్రం పట్టుకుని వచ్చేవాడు. పెద్ద నుంచి చిన్న దాకా వరసగా చేతులు చాపేవాళ్ళు. రెండువేల ఒకటిలో కామేశ్వరమ్మకు గుండెపోటు వచ్చి, విశాఖపట్నంలో నెత్తుటి గడ్డ కరిగించే సూదిమందుతో బతికి బయటపడ్డాక, అలాంటిదే ఒకటి కొని ఇంట్లో ఉంచమని రమణమూర్తే సలహా ఇచ్చాడు. రాయగడలో అవసరానికి అది దొరకదు. గడువు తీరినప్పుడల్లా మార్చి, ఆ డబ్బాను ఫ్రిజ్ తలుపులో భద్రంగా పెట్టారు. కామేశ్వరమ్మ దాని మీద పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. అన్నగారు చూసి నవ్వితే, "నవ్వితే నవ్వు గానీ సెరపకు అన్నియ్యా" అంది.

ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెరటి గోడ దాటి గోడౌనులో పడింది. కామేశ్వరమ్మ ఆవకాయ తినడం మానేసింది గానీ పెట్టడం మానలేకపోయింది. జాడీలకు జాడీలు కళాసీలకు పోయేవి. కళాసీలంటే బస్తాలు మోసే కూలీలు. కొండ మీద వరసగా పంటలు పోయిన ఏళ్ళలో దిగివచ్చిన కొంధులే వాళ్ళలో ఎక్కువ. గోడౌను ద్వారం దగ్గర ఒక నీలం డ్రమ్ము ఉండేది. దాన్నిండా ఉప్పు కలిపిన నిమ్మనీళ్ళు. వడదెబ్బ తగలకుండా, కొండవాడి పలచని రక్తం చిక్కబడేలా, పనిలో దిగేముందు ప్రతి కళాసీ ఒక లోటా తాగితీరాలని భీమారావు పెట్టిన నియమం. ఎవరికైనా కళ్ళు తిరిగితే ఇంకో లోటా. పుణ్యం చేస్తున్నాననే అతని నమ్మకం. తన గుమస్తాలను మాత్రం ఆ నీళ్ళు ముట్టనిచ్చేవాడు కాదు, వాళ్ళు నలభై దాటిన తెలుగువాళ్ళు గనక.

ఆ కళాసీల్లో దసురు కడ్రకా ఒకడు. తొంభై ఒకటిలో రమణమూర్తి కొండ మీద చేతికి పట్టీ చుట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు; అప్పుడు కొత్తగా పెళ్ళయినవాడు, నూటపది మీద డెబ్బై. భార్య సింగారితో కలిసి తొంభై నాలుగులో కిందికి వచ్చాడు. అప్పటినుంచీ మర పట్టిన తెల్లబియ్యం, ఎండుచేప, పామాయిల్లో తేలే బజ్జీలు, జాడీ అడుగున మిగిలిన ఆవకాయ ఊట, బుగ్గన ఎప్పుడూ ఖైనీ. మనిషి చూడ్డానికి ఎప్పట్లాగే సన్నగా ఉండేవాడు. చూపులకి ఏమీ మారలేదు. రెండువేల మూడు చలికాలంలో ఒక గురువారం, ఇంట్లోవాళ్ళ చేతులు చూడటం అయ్యాక, రమణమూర్తి యంత్రాన్ని పెట్టెలో పెట్టకుండా గోడౌనులోకి నడిచాడు. దసురుకి నూట అరవై మీద నూరు. మిగతావాళ్ళలోనూ నలుగురైదుగురిది అదే తీరు.

ఆ రోజే డ్రమ్ము తీయించమన్నాడు. దసురుకి మాత్రలు తనే తెచ్చిచ్చాడు.

భీమారావు నవ్వాడు. "ఏటి బావా నువ్వు. కొండోలకి రాదని సెప్పింది నువ్వు కాదేటి? శాలువా కప్పించుకుని మరీ సెప్పేవు. ఆ శాలువా ఎనక్కి ఇచ్చెయ్యి మరి."

"అప్పుడు వాళ్ళు తింటున్నది నేను చెప్పాను. రక్తం గురించి చెప్పలేదు. ఇప్పుడు వాళ్ళు నీ ఇల్లు మానేసిన తిండి తింటున్నారు. మీ వంశం మీద ఉన్న జబ్బుని మీరు సగం దించుకుని వాళ్ళ నెత్తికెత్తారు, బావా."

"నానెత్తింది బస్తాలు. జబ్బులెత్తలేదు."

గుమస్తాలందరూ నవ్వారు. రమణమూర్తి ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు.

మూడు వారాలైనా డ్రమ్ము అక్కడే ఉంది. దసురు మాత్రలు మానేశాడు. గోడౌనుకి ఎదురుగా ఆసుపత్రి పెట్టిన కుర్ర డాక్టరు ఉమాపతి మానిపించాడని తెలిసింది. మోతకూలీల కండ గట్టిగా ఉంటుంది, అందుకని పట్టీ బిగుసుకుని యంత్రం ఎక్కువ చూపిస్తుందనీ, కొండజాతి వాళ్ళకు సహజంగా ఉండేది తక్కువ రక్తపోటేననీ అతను వివరించాడట. ఆ సంగతి ఎక్కడ చదివావని రమణమూర్తి నిలదీస్తే, ఉమాపతి ఎంతో వినయంగా, "తమరి పరిశీలనే కదండీ సర్, మా ప్రొఫెసరుగారు కూడా చెప్పేవారు" అన్నాడు. తన మాటే రాయై వచ్చి తనకు తగిలింది. అది పదమూడేళ్ళ కిందటి మాటనీ, మనిషి పదమూడేళ్ళు ఒక్కచోట నిలబడి ఉండడనీ, మళ్ళీ కొలవని కొలత మూఢనమ్మకంతో సమానమనీ ఆయన చెప్పిందంతా ఉమాపతి తలూపుతూ విన్నాడు. తలూపడం ఆగలేదు, అభిప్రాయం కదలలేదు.

రెండువేల నాలుగు వైశాఖంలో ఒక పొద్దుట, చింతపండు లారీ దింపుతుండగా దసురు బస్తా కింద పెట్టి గోడకి చేరబడ్డాడు. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు. దవడ లాగుతోందన్నాడు. ఒళ్ళంతా చెమట. వైశాఖంలో కళాసీకి చెమట పడితే ఎవరు చూస్తారు. గుమస్తా ఒక లోటా ఉప్పునీళ్ళు తాగించాడు. తగ్గలేదని ఇంకో లోటా. వాంతి చేసుకుంటే మళ్ళీ ఒకటి. ఎదురుగా ఉన్న ఉమాపతిని పిలిస్తే అతను వచ్చి, నాడి పట్టుకుని, వడదెబ్బ, లో బీపీ అని తేల్చి, పట్టీ చుట్టకుండానే ఉప్పునీటి సీసా ఒకటి ఎక్కించి వెళ్ళిపోయాడు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆ మనిషి చింతపండు బస్తాల మధ్య అలాగే పడి ఉన్నాడు.

రమణమూర్తికి కబురు చేసింది సింగారి. చేసిందంటే, ఎండలో నడిచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన వెళ్ళి చూసేసరికి దసురు పెదవులు నల్లబడుతున్నాయి. ముందు సీసా పీకి పారేశాడు. తన కారులో తనే పడుకోబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డ్యూటీ డాక్టరు వెంటనే ఈసీజీ తీశాడు. కాగితం మీద గీత గోడలా లేచింది. గుండెపోటే. గడ్డ కరిగించే మందు ఆసుపత్రిలో లేదు, ఊళ్ళో ఏ మందులకొట్టులోనూ లేదు. విశాఖపట్నం తీసుకెళ్ళే వ్యవధి మనిషిలో లేదు. రక్తపోటు కాస్త దించి మందు ఇక్కడే ఎక్కించగలనని డ్యూటీ డాక్టరు అన్నాడు, మందంటూ ఉంటే.

ఉంది. భీమారావు ఫ్రిజ్‌లో.

భీమారావు అప్పుడే భోంచేసి ఉప్పులేని మజ్జిగ తాగుతున్నాడు. రమణమూర్తి నిలబడే సంగతి చెప్పి, డబ్బా ఇమ్మన్నాడు. భీమారావు గ్లాసు కింద పెట్టి, మీ చెల్లికే ఈ రాత్రి వస్తే ఏం చెయ్యాలని అడిగాడు. రేపు పొద్దుటికల్లా విశాఖ నుంచి ఇంకొకటి తెప్పిస్తానన్నాడు రమణమూర్తి. పొద్దుటిదాకా ఎవరు హామీ అన్నాడు భీమారావు. ఆ ప్రశ్న అన్యాయమైంది కాదు. భీమారావు అంతటితో ఊరుకోలేదు.

"అయినా అది గుండెపోటు మందు. కొండోడికి గుండెపోటేటి? జీలుగు కల్లు తాగి ఎండలో పడ్డాడు. ఊరికే పాడైపోద్ది."

"కల్లు తాగలేదు. నీ డ్రమ్ములో నీళ్ళు తాగాడు. పొద్దుట్నుంచీ అవే తాగించారు మీవాళ్ళు."

"ఉప్పునీళ్ళు తాగి సచ్చినోడు ఉన్నాడేటి లోకంలో? నా దగ్గర తిని సెడ్డాడంటావు. కొండమీద ఆకలికి సచ్చిపోయేవోడు, నాను అన్నం పెట్టి బతికించేను."

రమణమూర్తి గొంతు ఎప్పుడూ పెరగదు. అప్పుడూ పెరగలేదు. "బావా, మీ అన్నయ్య గద్దె మీద ఒరిగిపోయినప్పుడు పక్కనే ఉన్నాను. ఆ ముఖం, ఆ చెమట, ఆ దవడ నొప్పి. అచ్చం అదే చూసి వస్తున్నాను. తేడా ఒక్కటే. మీ అన్నయ్య రొమ్ము పట్టుకోగానే ఊరంతా గుండె అంది. వీడు పొద్దుట్నుంచీ పట్టుకుని కూర్చుంటే ఒక్కడూ అనలేదు. మీ వంశానికి జబ్బు ఉందని మందు దాచుకున్నారు. వీడికి జబ్బు లేదని మందు దాస్తున్నారు. రెండిట్లోనూ మీరు అడిగింది మనిషిని కాదు, జాతిని."

భీమారావు ముఖం తిప్పుకున్నాడు. ఒకవేళ అదే అయితే విశాఖపట్నానికి కారిస్తాను, డ్రైవరుని పిలిపిస్తాను, డబ్బా మాత్రం అడగొద్దన్నాడు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అడిగాడు రమణమూర్తి. గోడ మీద దేవుడి పటాల కింద ఇద్దరు ముసలివాళ్ళు ఒకే మాటను అటూ ఇటూ లాగుతూ ఉంటే, అవతల ఆసుపత్రి మంచం మీద ఒక గుండె కండ పీచు పీచుగా చచ్చిపోతూ ఉంది. రమణమూర్తికి ఆ సంగతి కచ్చితంగా తెలుసు. తలుపు తోసుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాడు. అది చెల్లెలి ప్రాణం.

కామేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో ఎప్పటినుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. వెనక్కి తిరిగి ఫ్రిజ్ తీసి, డబ్బా తెచ్చి అన్నగారి చేతిలో పెట్టింది. కుంకుమ ఆయన అరచేతికి అంటింది.

"అమ్మీ, నువ్వు..." అని ఆగిపోయాడు రమణమూర్తి.

"నాకు వస్తే అందరూ గుర్తుపడతారన్నియ్యా. ఎల్లు."

భీమారావు పెళ్ళాన్ని ఏమీ అనలేదు. అనడానికి ధైర్యం చాలక కాదు. ఆ ఇంట్లో గుండె విషయంలో ఆఖరి మాట ఆవిడదే. అంతమాత్రాన అతను ఒప్పుకున్నాడనుకుంటే పొరపాటు.

మందు ఎక్కించారు. డ్యూటీ డాక్టరూ, రమణమూర్తీ మంచానికి చెరోపక్కా నిలబడ్డారు. కాసేపు దసురు ఊపిరి తేలికైంది. సింగారి చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. కొండ మీది చెట్టేదో పేరు చెప్పాడని ఆమె తరవాత చెప్పింది. పొద్దు వాలుతుండగా గుండె లయ తప్పింది. ఇద్దరు డాక్టర్లు చేతులు నొప్పెట్టేదాకా రొమ్ము నొక్కారు. మందు ఆలస్యమైంది. పొద్దుటే పడి ఉంటే వేరే కథ అయ్యేదేమో. అయ్యేదని ఒట్టు వేయడం శాస్త్రం కాదు గనక రమణమూర్తి ఆ మాట ఎవరితోనూ అనలేదు. తనలో మాత్రం అనుకుంటూనే ఉన్నాడు.

ఆసుపత్రి వరండాలో కళాసీలు, గుమస్తాలు, పక్క కొట్లవాళ్ళు పోగయ్యారు. భీమారావూ వచ్చాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. దహనానికి కట్టెలు తనే పంపిస్తానన్నాడు. ఆ వెంటనే, పక్కవాడితో, గొంతు తగ్గించకుండా ఇలా అన్నాడు:

"నాను సెప్పలేదేటి? గుండె మందు ఎక్కించినా పని సెయ్యలేదంటే అది గుండెపోటు కాదన్నమాట. బంగారంలాంటి మందు."

వరండా అంతా తలలూగాయి. వాటిలో ఉమాపతి తల కూడా ఊగింది. రమణమూర్తికి అప్పుడు వచ్చిన కోపం వేరు. అప్పటిదాకా వచ్చింది మనుషుల మీద. ఇది ఆ మాట మీద. మనిషి చచ్చిపోయినా అది చావలేదు. చావునే తిని బలిసింది. దాన్ని చంపగలిగే ఆయుధం ఒక్కటే ఉంది, అదీ దసురు శవంలోనే ఉంది.

శవపరీక్ష జరగాలన్నాడు. పనిలో ఉండగా పడిపోయాడు గనక చట్టమూ అడుగుతుందని డ్యూటీ డాక్టరు బలపరిచాడు. గుమస్తాలు గొణిగారు, చచ్చినవాణ్ణి ఎందుకు కోయించడం, కొండవాళ్ళు ఒప్పుకుంటారా అని. ఒప్పుకోవలసింది సింగారి. రమణమూర్తి ఆమె ఎదుట నేల మీద కూర్చుని, వచ్చీరాని దేశియాలో, కొండవాళ్ళు మాట్లాడే ఒడియా యాసలో, అడిగాడు. ఆమె తెలుగులోనే జవాబిచ్చింది, వరండాలో అందరికీ అర్థం కావాలన్నట్టు.

"అప్పుడు మా కొండకి వచ్చేవు. మా సేతులకి గుడ్డ సుట్టేవు. మాకు జబ్బు రాదని కిందకెల్లి సెప్పేవు. మేం కిందకి దిగినాక మళ్ళీ సెప్పడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు కొయ్యి. సూసి, ఉన్నది ఉన్నట్టు సెప్పు. సగం సెప్పకు."

ఆయన తలవంచి సరేనన్నాడు. ఆ రాత్రి భీమారావు ఇంటినుంచి పిలుపు రాలేదు. ఆయనా అడుగు పెట్టలేదు.

మర్నాడు ఉదయం శవపరీక్ష గదిలో ప్రభుత్వ వైద్యుడు కోసి చూపిస్తుండగా రమణమూర్తి పక్కన నిలబడ్డాడు. ఉమాపతిని కూడా పిలిపించాడు. రాననడానికి అతనికి సాకు దొరకలేదు. అయ్యాక బయటికి వచ్చి, గోడౌను ముందు, కాటా దగ్గర, భీమారావు గద్దెకు ఎదురుగా నిలబడి, ముందు దేశియాలో సింగారికి, తరవాత తెలుగులో బజారుకి, తను చూసింది చెప్పాడు. ఈసారి పాఠం చెప్పలేదు, ఉపమానం వాడలేదు. వాక్యాలు ఎక్కడ విరిచినా అర్థం మారకుండా పొట్టిగా చెప్పాడు.

కడుపులో సారా లేదు, కల్లు లేదు. గుండె ఎడమ గది గోడ ఏళ్ళ తరబడి ఎక్కువ రక్తపోటును మోసి మందమెక్కింది. గుండె ముందుగోడకు నెత్తురు తీసుకెళ్ళే నాళం లోపల కొవ్వు పేరుకుని సన్నబడింది. ఆ సన్నని చోట నెత్తుటి గడ్డ ఇంకా ఉంది. దాని కింద కండ చచ్చిపోయి ఉంది.

దసురు కడ్రకా గుండెపోటుతో చనిపోయాడు.